చూచువారి ఋణము

పెద్దనగరమునకు పోయి వచ్చినవారిని మన ప్రాంతమున మొదట అడుగు ప్రశ్న ఒకటి కలదు: ‘ఏమేమి చూచి వచ్చినారు?’ ఎవరితో మాటలాడినారు, ఏమి తెలిసికొన్నారు అని అడుగువారు తక్కువ. నగరప్రయాణమునకు చూచుటయే ఫలమని మనమందరము ఎన్నడో ఒప్పుకొన్నాము. వివాహమునకు పోయినను, వైద్యమునకు పోయినను, ఉద్యోగము చేయు కుమారుని యింట నాలుగు దినములు గడపుటకు పోయినను, ఒకటి రెండు వింతలు చూడనిదే ప్రయాణము పూర్తియైనట్లు తోచదు. ఇందు దోషమేమియు లేదు. చూచి సంతోషించుట మనుష్యునకు సహజము. అయితే ఆ సంతోషమునకు వెల యేమైనను కలదా? టిక్కెట్టు కొన్నంతనే ఆ వెల తీరిపోవునా? చూచువానికి, చూడబడినదాని పట్ల ఋణమేమైనను మిగులునా? ఈ వ్యాసమున ఆ ప్రశ్ననే విచారింపదలచితిమి.

ధర్మపురి సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ ప్రశ్న రెండు వైపులనుండి తగులును. మనకు చెన్నపట్నము చూడవలసిన ఊరు. చెన్నపట్నము వారికి, బెంగుళూరు వారికి మన వత్తల్‌మలై చూడవలసిన కొండ. పట్టణమునకు సుమారు ఇరువదియైదు కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు రమారమి మూడువేల అయిదువందల అడుగుల యెత్తున నున్న ఆ కొండమీద మలయాళీలను గిరిజనులు తరతరములుగా కాపురమున్నారు. పేరును బట్టి వీరు కేరళదేశీయులని కొందరు భ్రమపడుదురు. కొండవారు అని మాత్రమే ఆ మాటకు అర్థము. సామలు, రాగులు, కాఫీ, మిరియము వారి పంటలు. మొన్నమొన్నటి వరకు కాలినడకయే దారిగానున్న ఆ కొండకు నేడు రోడ్డును బస్సును వచ్చినవి. వాటి వెంట చూడవచ్చువారును వచ్చిరి. కనుక మనము నగరమున చూచువారము; ఇచట చూడబడువారికి పొరుగువారము. ఇట్టి చోట నిలిచినవానికి తక్కెడ రెండు సిబ్బెలును కనబడును.

మన పూర్వులకు చూచుట యనునది ఒంటరి క్రియ కాదు. తిరుపతికి పోయినవాడు తలనీలాలిచ్చి వచ్చెను. తిరునాళ్ళకు పోయినవాడు రథపు మోకు పట్టి నాలుగడుగులైనను లాగెను. హరికథకు కూర్చున్నవాడు దాసుగారితోపాటు గోవిందనామము పలికి, హారతిపళ్ళెమున కాసు వేసెను. తోలుబొమ్మలవారు ఊరికి వచ్చినచో ఇంటింట బియ్యము, నూనె పోగుచేసి ఇచ్చిరి. చూచుటయు ఇచ్చుటయు ఒకే పనికి రెండు చేతులవలె నుండెను. నేటి నగరము ఆ రెంటిని విడదీసినది. ద్వారమువద్ద రుసుము చెల్లించిన పిమ్మట లోపలి వస్తువుతో మన లెక్క తీరినదను భావము కలిగినది.

కచేరీలలో లెక్కలు వ్రాసి విశ్రమించిన మాకు లెక్క తీరుటయనగా నేమో కొంత తెలియును. రసీదు చేతికి వచ్చినంతమాత్రమున చాలదు. సొమ్ము ఏ పద్దు క్రింద జమపడినదో చూడవలెను. టిక్కెట్టు రుసుము దీపములకు, కావలివారికి, ఊడ్చువారికి జమయగును. ఆ వస్తువును చేసినవారి పద్దు, దానిని పోగొట్టుకొన్నవారి పద్దు, దానిని గూర్చి తెలిసికొనవలసినవారి పద్దు అట్లే నిలువయుండును.

ఇక నగరమున ఏమేమి కలవో చూతము. చెన్నపట్నమున వినోదమనగా సముద్రతీరము, చలనచిత్రము, బట్టల అంగళ్ళు అని తలచువారే యెక్కువ. వీనికంటె వింతయైన వినోదములు అచట చాల కలవు. వానిలో పెక్కింటికి ఖర్చును స్వల్పము. 2004వ సంవత్సరము మొదలు ఆగస్టు 22వ తేదీని నగరపు జన్మదినముగా జరుపుచున్నారు. నగరచరిత్రను జీవితమంతయు వ్రాసిన ఎస్. ముత్తయ్యగారు (1930–2019), మరికొందరు మిత్రులు దీనిని ప్రారంభించిరి. ఆ దినముల యందు పాతవీధులలో చరిత్ర చెప్పుచు నడచు నడకలు, ఉపన్యాసములు, పాత పటముల ప్రదర్శనములు జరుగును. ఆ తేదీ 1639 నాటి భూదానమును బట్టి ఏర్పడినది. ఆంగ్లేయ కంపెనీవారికి ఆ భూమి నిచ్చిన దామెర్ల వెంకటాద్రినాయకుడు తెలుగు నాయకుడు. ఆయన తండ్రియైన చెన్నప్పనాయకుని పేరిటనే చెన్నపట్నమను పేరు వచ్చెనని చెప్పుదురు. కంపెనీవారికి తొలినాటి దుబాషీగానున్న బేరి తిమ్మప్పయు తెలుగువాడే.

జార్జిటౌను వీధిలో నిలిచి ఈ సంగతులు విన్న తెలుగువానికి ఛాతీ పొంగును. పొంగుట మంచిదే. కాని ఛాతీ పొంగుటయు ఒక వినోదమేయని మరువరాదు. మన పూర్వులు పెద్దలని విని సంతోషించుటకు మన పక్షమున ఏ శ్రమయు అక్కరలేదు. ఇంటికి వచ్చి పిల్లవానికి ఆ నాయకుని పేరు తెలుగక్షరములలో వ్రాయ నేర్పితిమా, అప్పుడు ఆ నడకకు మనము కొంత వెల చెల్లించినవారమగుదుము.

అదే నగరమున ఐలండు మైదానమువద్ద సర్ థామస్ మన్రోగారి అశ్వవిగ్రహము కలదు. చాంట్రీ యను ఆంగ్లేయ శిల్పి చేసిన ఆ విగ్రహమును 1839లో నిలిపిరి. గుఱ్ఱమునకు జీను లేదు, రికాబులు లేవు. చూపువారు ఆ వింతనే చూపుదురు. చూచువారు ఆ వింతనే చూచి నవ్వుకొని పోవుదురు. అయితే ధర్మపురివారికి ఆ విగ్రహము ముందు తలంచుకొనవలసిన సంగతి వేరొకటి కలదు. 1792 నాటి శ్రీరంగపట్నపు సంధివలన బారామహలు కంపెనీ వశమైనది. అప్పుడు కెప్టెను రీడుగారి క్రింద సహాయకుడుగా వచ్చిన మన్రో మన ధర్మపురి యందే నివసించి పొలములు కొలిపించెను. సర్కారునకును రైతునకును నడుమ మధ్యవర్తి లేని రైతువారీ పద్ధతి ఈ నేలమీదనే రూపు కట్టినది. తరువాత ఆయన దానిని దత్తమండలములకు కొనిపోయెను. చెన్నపట్నపు గవర్నరై, 1827లో పత్తికొండ వద్ద కలరా సోకి మరణించెను. మన తాతముత్తాతలు కట్టిన శిస్తు, దాచిన పట్టా, పడిన బాధ, పొందిన హక్కు ఆ కొలతలతో ముడిపడియున్నవి. రికాబులు వెదకువానికి క్షణకాలపు నవ్వు దొరకును. పట్టాను జ్ఞప్తికి తెచ్చుకొనువానికి తన యింటి చరిత్ర దొరకును. ఇద్దరును చూచినది ఒకే విగ్రహము.

కనుక చూచువాని మొదటి ఋణము తెలిసికొనుట. రెండవది అంతకంటె బరువైనది. దానికి ఎగ్మూరునకు పోవలెను.

అచటి ప్రభుత్వ మ్యూజియము 1851లో ఏర్పడినది. అందు తెలుగువాడు తప్పక చూడదగినవి అమరావతి శిల్పములు. పాలరాయి యని వాడుకగాని, అది పలనాటి సున్నపురాయి. రెండువేల సంవత్సరముల క్రిందట కృష్ణాతీరమున మహాస్తూపమును అలంకరించిన ఆ ఫలకములమీది ఏనుగులు, స్త్రీలు, పద్మములు, బోధివృక్షములు నేడును ప్రాణముతో నున్నట్లు తోచును. అవి అచటికి ఎట్లు వచ్చినవి? పదునెనిమిదవ శతాబ్దాంతమున ఆ దిబ్బను ఇటుకలకై, రాళ్ళకై త్రవ్వసాగిరి. కొన్ని రాళ్ళు సున్నపు బట్టీపాలైనవి. కాలిన్ మెకంజీ వానిని చూచి చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఇలియట్ త్రవ్వించి చెన్నపట్నమునకు తెచ్చిన ఫలకములు ఏండ్లకొలది ఆరుబయట ఎండకు వానకు పడియుండెను. 1859లో వానిలో నూటికి పైబడినవి ఓడమీద లండనుకు పోయినవి. నేడును బ్రిటిష్ మ్యూజియములో నున్నవి. చెన్నపట్నమున మిగిలినవానిని తరువాతి కాలమున గోడలలో పొదిగి బిగించుటచే తేమయు ఉప్పును చేరి రాయిని తినుచుండగా, సంరక్షకులు ఎంతయో శ్రమపడవలసివచ్చెను.

ఇందు ఎవరిని నిందింతము? మ్యూజియమే లేకున్నచో మరికొన్ని రాళ్ళు సున్నమై యుండెడివి. తెచ్చినవాడు కాపాడెను, కాపాడినవాడే స్థానభ్రష్టముగావించెను. అమరావతియందలి బాలుడు తన యూరి శిల్పము చూడగోరినచో కొంత తన యూరనే, కొంత చెన్నపట్నమున, కొంత సముద్రము దాటి చూడవలెను. చూచువారి సౌకర్యమునకై వస్తువు ఊరు విడిచినది. అద్దమునకు ఈవల నిలిచి ‘ఎంత బాగుగానున్నది’ అను ప్రతివాడును ఆ వలసలో కొంచెము భాగస్థుడే. కనుక చూచువాని రెండవ ఋణము, చూడబడినది దేనిని పోగొట్టుకొని తన యెదుటికి వచ్చినదో తలంచుట.

రాతి సంగతి ఇట్లుండగా, మనుష్యుని సంగతి యేమి? ఆ మ్యూజియమునకే ఎడ్గారు థర్‌స్టను 1885 మొదలు 1908 వరకు అధిపతిగానుండెను. ఆయన కె. రంగాచారిగారి సహాయముతో దక్షిణదేశపు కులములను, తెగలను గూర్చి వ్రాసిన ఏడు సంపుటములు 1909లో వెలువడినవి. అందు మన కొండలవారైన మలయాళీల ప్రస్తావన కలదు. వారు కంచినుండి వలసవచ్చినట్లు చెప్పుకొను కథయు కలదు. ఎంతయో శ్రమతో కూర్చిన గ్రంథమది. నేటికిని పండితులు దానిని తెరచుచున్నారు. అయితే ఆయన మనుష్యుల శిరస్సులను, ముక్కులను పరికరములతో కొలిచెను. మనిషిని కొలుచునప్పుడు మనిషి వస్తువగును. ఎన్ని అంగుళములో మిగులును, ఎవరో మిగులదు.

ఈ దృష్టి ముదిరినచో ఎంతవరకు పోవునో పెద్దనగరముల చరిత్రయే చెప్పుచున్నది. 1906లో న్యూయార్కు నగరపు బ్రాంక్సు జంతుప్రదర్శనశాలలో, కాంగో దేశీయుడైన ఓటా బెంగాయను మనుష్యుని కోతుల భవనమున నిలిపిరి. వేలకొలది జనులు రుసుమిచ్చి పోయినట్లే ఆనందించి పోయిరి. నీగ్రో క్రైస్తవ బోధకులు తీవ్రముగా నిరసించిన పిమ్మట ఆ ప్రదర్శనము ఆగినది. పది సంవత్సరములకు, 1916లో, అతడు ఆత్మహత్య చేసికొనెను. చూడవచ్చిన జనులందరు క్రూరులు కారు. బిడ్డలను వెంటబెట్టుకొని సెలవుదినమున వినోదమునకు వచ్చిన గృహస్థులు వారు. మనవంటివారే. ఎవరును రాయి వేయలేదని అనుకొన్నను, చూచుటయే అచట దెబ్బ.

అంత దూరము పోనక్కరలేదు. వత్తల్‌మలైమీద ఒక ఆదివారమునాడు మేము చూచినది చెప్పెదము. ఇంటిముంగిట సామలు దంచుచున్న ఒక వృద్ధురాలిని కారులో వచ్చిన యువకులు నలుగురు ఛాయాచిత్రములు తీసికొనిరి. రోకలి ఎత్తుమనిరి, ఎత్తినది. నవ్వుమనిరి, నవ్వినది. వారు వందనము చేసి మర్యాదగానే పోయిరి. పిమ్మట ఆమె మా వైపు తిరిగి తమిళమున అడిగినది: ‘అయ్యా, ఆ పటము క్రింద నా పేరు వ్రాయుదురా?’ వారు ఆమె పేరు అడిగియుండలేదు. ‘అవ్వా, వ్రాయరేమో’ అంటిమి. ఆమె కోపపడలేదు, ‘పేరు లేకున్న అది ఏ అవ్వ అయినను కావచ్చును గదా’ అని మరల రోకలి ఎత్తుకొనినది.

ఆ మాటకంటె గొప్ప ఉపన్యాసము మేము ఏ సభాభవనమునందును వినలేదు. దస్త్రములతో ఆయుష్షు గడపిన మాకు, కాగితమెక్కిన పేరు వేరు, ఎదుట నిలిచిన మనిషి వేరు అని తెలియును. పేరైనను లేని చిత్రము ఇంకను బీదది. చూడబడువారు ధనము కోరుదురని మనమనుకొందుము. వారు కోరునది అనేక పర్యాయములు ఇంతే: తాము ఫలానా యని చూచువారు తెలిసికొనవలెను.

ఇక మన సంగతికి వచ్చెదము. మనమును నగరమున ప్రదర్శనవస్తువులమై యున్నాము. చెన్నపట్నమునకు దక్షిణమున, సముద్రతీరపు దారిలో, ముట్టుకాడు వద్ద దక్షిణచిత్రయను ప్రదర్శనశాల 1996లో తెరువబడినది. ఇట్టి ఆలోచనకు మార్గదర్శి స్వీడను దేశపు రాజధానియైన స్టాక్‌హోము నగరమున ఆర్తూరు హజేలియసు 1891లో తెరచిన స్కాన్సెను. పల్లెటూళ్ళలోని పాత యిండ్లను విప్పి తెచ్చి, ఒకచో మరల నిలిపి చూపుట ఆ పద్ధతి. దక్షిణచిత్రయందు తమిళుల, కేరళీయుల, కన్నడిగుల యిండ్లతోపాటు తెలుగునాటి యిండ్లును కలవు. ఇక్కతు నేతగాని యిల్లు, తీరాంధ్రపు గుండ్రని చుట్టిల్లు మన పిల్లలు చూచి ఆశ్చర్యపడుదురు. కూలిపోవలసిన యిండ్లు నిలిచినవి. చేతిపనులవారికి అచట పనియు గౌరవమును దొరకుచున్నవి. ఇది పుణ్యకార్యమే. ఐనను ఆ చుట్టింటి గడపమీద నిలిచినప్పుడు ఒక సందేహము కలుగును. ఇల్లు ఉన్నది, పొయ్యి ఉన్నది, చూరు ఉన్నది. ఆ పొయ్యివద్ద పలికిన మాట యేది? మన పిల్లవాడు ఆ చూరు చూచి దాని పేరు తమిళమున అడిగి, ఆంగ్లమున వ్రాసియున్న ఫలకము చదివి, ఇది మా తాతల సంస్కృతియని స్నేహితునకు చెప్పును. చూరు అను మాట మాత్రము వానికి రాదు.

దీనికి ప్రతిగా మరియొక దృశ్యము కలదు. డిసెంబరు మాసమున చెన్నపట్నము సంగీతనగరమగును. 1928లో స్థాపింపబడిన మ్యూజిక్ అకాడమీయందు సాయంకాలము కచేరీలే కాక ఉదయము విద్వాంసుల సోదాహరణ ప్రసంగములును జరుగును. ఒక కృతిని ఒక గంటసేపు విప్పి చెప్పు ఆ ప్రసంగములు సామాన్యునకును రుచించును. అచట పాడబడువానిలో అధికభాగము తెలుగు. త్యాగరాజస్వామి (1767–1847) మనవలెనే తమిళదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబమున పుట్టి, తిరువయ్యారున కావేరీతీరమున జీవించి, ఇంటిభాషను వదలక పాడినవారు. నేడు ఆ భాషను కాపాడుచున్నది ఎవరు? తెలుగు మాతృభాష కాని గాయకులు, అక్షరమక్షరము నేర్చి, అర్థమడిగి, దినదినము సాధనచేసి కాపాడుచున్నారు. అమరావతి ఫలకమును గోడలో బిగించి నిలిపిరి. కృతిని ఎవరును బిగింపలేదు. నోటినుండి నోటికి పోవుచు నిలిచినది. చూడబడుచున్నది క్రమముగా అరుగును. వాడబడుచున్నది మాత్రము పెరుగును. మన యింటి తెలుగు ఈ రెంటిలో ఏ వైపుననున్నదో ప్రతి గృహస్థుడును తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. ‘ఆరు దినములు చాకిరి చేసి ఏడవ దినమున సేదదీరుటకు పోవువానిమీద ఇంత బరువు మోపనేల? సంధ్యాకాశమును చూచి ఆనందించుటకు ఋణమేమి? వినోదమును ధర్మముగా మార్చినచో వినోదమే మిగులదు గదా’ అని. ఈ ఆక్షేపణలో బలము కలదు. శ్రమించినవాడు చల్లగాలికి నడచుటకు ఎవరికిని సంజాయిషీ చెప్పుకొననక్కరలేదు. ఆకాశము మనలను ఎరుగదు. మనము చూచినను చూడకున్నను దానికి కొరత లేదు. కాని రాయిని చెక్కినవాడు, ఇల్లు కట్టినది, రోకలి పట్టినది మనుష్యులు. అతిథి కడుపునిండ తిని సంతోషముగా లేచినప్పుడు ‘వంట బాగున్నదమ్మా’ యనును. ఆ మాటవలన అతని భోజనసుఖము తగ్గినదా? ఋణమని మేము చెప్పునది ఇట్టిదే. అది తీర్చువాని ఆనందమును పెంచునేగాని తగ్గింపదు.

దీనికి నిదర్శనము చెన్నపట్నపు సముద్రతీరముననే కలదు. ఆ నగరమున గల నడకలలో మిక్కిలి వింతయైనది అర్ధరాత్రి జరుగును. జనవరినుండి వేసవి మొదటి దినముల వరకు ఆలివ్ రిడ్లే యను సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టుటకు ఇసుకమీదికి వచ్చును. ఒక్కొక్కటి సుమారు నూరు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడక సముద్రమున కలియును. కుక్కలు, మనుష్యులు ఆ గుడ్లను పాడుచేయుదురు. పొదిగిన పిల్లలు సముద్రపు వెలుగును అనుసరించి పోవలసియుండగా, నగరపు దీపములకు భ్రమసి రోడ్డు వైపు ప్రాకి చచ్చును. 1988లో కొందరు విద్యార్థులు ఒక సంఘముగా చేరి, నీలాంగరైనుండి బెసంటునగరు వరకు రాత్రులందు నడచి, గుడ్లను సేకరించి, కంచె వేసిన ఇసుకతిన్నెలో పూడ్చి, నలువది అయిదు దినములకో ఏబది దినములకో పిల్లలు వెలువడినప్పుడు సముద్రమున విడిచిపెట్టసాగిరి. నేటికిని ఆ పని సాగుచున్నది. వారాంతములందు సామాన్యజనులును వారితో నడువవచ్చును. ఏడు కిలోమీటర్లు చీకటిలో ఇసుకమీద నడక. కొన్ని రాత్రులు ఏమియు కనబడదు. ఐనను పోయినవారు మరల పోవుదురు. అచట చూచువాడే కాపాడువాడు. వానికి ఆనందము తక్కువయైనదని ఎవరనగలరు?

ఇంకొక నిదర్శనము. అదే నగరమున తరమణియందు రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయము కలదు; ఉపన్యాసములు, ప్రదర్శనములు తరచు జరుగును. దాని మూలపురుషుడు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కాడు. కారైకుడి సమీపమున కొట్టైయూరను చిన్న యూర నివసించి, అంగళ్ళ పేరుపలకలు వ్రాయు చిత్రకారుడు. పాత పుస్తకములు, పత్రికలు, శుభలేఖలు, నాటకపు కరపత్రములు ఇతరులు పారవేయుచుండగా ఆయన పోగుచేసెను. 1992లో ఆయన మరణించిన పిమ్మట చికాగో విశ్వవిద్యాలయమువారు ఆ నిధిని కొని, దానిని దేశమునుండి కొనిపోక, చెన్నపట్నముననే 1994లో గ్రంథాలయముగా నిలుపుటకు తోడ్పడిరి. పెద్దనగరపు ప్రదర్శనములో అద్దము క్రింద మెరయు కాగితము ఒకప్పుడు చిన్న యూరి పెట్టెలో పడియున్నదేయని దీనివలన తెలియును. మెకంజీ పోగుచేసిన గ్రామచరిత్రలును అట్టివే. ఏలూరి కావలి సోదరులు ఆయనకు కుడిభుజములై తిరుగుచుండగా, పల్లెటూళ్ళ కరణములు కూర్చుండి వ్రాసియిచ్చిన కైఫీయతులు నేడు పండితులకు భాండాగారములు. వ్రాసినవారు మనవంటి లేఖరులే.

కావున మన సంఘమువారికి ఒక మనవి. నగరమున జరుగు వింత నడకలను, ప్రసంగములను చూచుటకు పిల్లలను తప్పక పంపుడు. తిరిగివచ్చిన పిమ్మట అట్టివానిని మన యూర జరుపుటకు వారినే నియమింపుడు. ధర్మపురి మ్యూజియములో మన ప్రాంతపు వీరగల్లులు కలవు. ఒక ఉదయము వానివరకు నడచి, ఒక పెద్దవారిచే వాని కథ చెప్పించుటకు ఖర్చేమి? సంవత్సరమునకొక దినమున ప్రతి యింటినుండి ఒక పాతవస్తువు తెప్పించి ప్రదర్శింపుడు: తిరగలి, కవ్వము, గంగాళము, అమ్మమ్మ వ్రాసికొన్న పాటల పుస్తకము, తాతగారి లెక్కల చిట్టా. ప్రతిదానిక్రింద దాని తెలుగు పేరును, దానిని వాడినవారి పేరును పిల్లల చేతనే వ్రాయింపుడు. మన యింటి తెలుగున తమిళపు మాటలు కలసినవని సిగ్గుపడి నోరు మూసికొనువారు కలరు. సిగ్గేల? అద్దెకు వచ్చినవాని భాష అట్లుండదు. ఇల్లు కట్టుకొని పొరుగువారితో కలసి బ్రదికినవాని భాష అట్లుండును. మన పెద్దలు ఒక్కొక్కరే కన్నుమూయుచున్నారు. వారితో పోవు మాటలను తిరిగి తెచ్చు మ్యూజియము ప్రపంచమున ఏ నగరమునందును లేదు.

వత్తల్‌మలైకి పోవువారికిని ఇదే మనవి. మనమును ఆ కొండకు పొరుగువారమేగాని యజమానులము కాము. మంచు చూడుడు, గాలి పీల్చుడు. పటము తీయుటకు ముందు అనుమతి యడుగుడు. తీసిన పిమ్మట పేరు అడుగుడు. మిరియములు కొనునప్పుడు పట్టణపు ధర తెలిసియుండియు బేరమాడకుడు. తెచ్చిన కాగితము, సీసా అచట విడువక తిరిగి తెచ్చుకొనుడు. సామలన్నము పెట్టినచో తిని, ఎట్లు వండినారో అడిగి తెలిసికొనుడు. వారు కంచినుండి వచ్చితిమని కథ చెప్పుకొందురు. మనము ఉత్తరమునుండి వచ్చితిమని చెప్పుకొందుము. ఇరువురము ఈ నేలను ఆశ్రయించినవారమే.

లెక్కలు వ్రాసినవారి అలవాటు చొప్పున చివర మొత్తము కట్టెదము. చూచువాడు తీర్చవలసినవి మూడు: చూచినదానిని గూర్చి తెలిసికొనుట, అది దేనిని విడిచి వచ్చినదో తలంచుట, తన చేతనైన చిన్నపని యొకటి దానికై చేయుట. మూడును తీర్చిననాడు నగరము మనకు కేవలము వింతల అంగడిగానుండదు, బంధువుల యూరగును. మన యూరును మనకు పాతబడక, ప్రతి గడపవద్దను ఒక ఉపన్యాసమును, ప్రతి వీధియందును ఒక ప్రదర్శనమును దాచుకొన్న పట్టణముగా కనబడును. ఆ దృష్టి మన పిల్లలకు కలుగుగాక యని కోరుచు విరమించుచున్నాము.